సమస్య: “గురక పెట్టెడివాడె నా గురువు గాదె”

నిర్వాహకుడు:
మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య తేటగీతి అనే నాలుగు పాదాల పద్యంలో చివరి పాదం. ముందు మూడు పాదాలు మీరు రాసి పద్యం పూరించాలి.

గురక పెట్టెడివాడె నా గురువు గాదె

ఈ పాదం నాకు విమానంలో తట్టింది. పోయిన నెల శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి దుబాయ్ మీదుగా హైదరాబాదు వచ్చాను. మొదటి విమానంలోనే దాదాపు 16 గంటలు కూర్చోవాలి. రెండంతస్తుల ఎయిర్‌బస్ ఏ380 అది. భోజనం ట్రేలు తీసేసి దీపాలు ఆర్పాక ఇంజన్ల హోరు ఎంత తగ్గి వినిపించిందంటే, మూడు వరసల వెనక ఎవరో చిప్స్ ప్యాకెట్ చింపిన చప్పుడు నా చెవిన పడింది. ఒకప్పుడు నేను ఎక్కిన పాత విమానాల్లో పక్కవాళ్లతో మాట్లాడాలంటే గొంతు పెంచాల్సి వచ్చేది.

నా ఎడమ పక్కన ఒక పెద్దాయన. మొదట ముక్కులో సన్నటి ఈల, ఆ వెంటనే గొంతులో గరగర, చివర పెదాల మీంచి ‘ఫూ’ అని ఒక గాలి. మళ్లీ మొదటికి. రెండు గంటలు భరించాను. కోపం వచ్చింది. లేపేద్దామని ఆయన వైపు తిరిగాను. చొక్కా జేబులోంచి ఒక కాగితం సగం బయటికి వచ్చి ఉంది. దాని మీద పెద్ద పెద్ద అక్షరాలతో కొడుకు ఫోన్ నంబరు, దుబాయ్‌లో మారాల్సిన విమానం నంబరు, కింద ‘వీల్‌చైర్ వాళ్లను అడుగు నాన్నా’ అని రాసి ఉన్నాయి. నిద్రలో కూడా ఆయన రెండు వేళ్లతో ఆ కాగితాన్ని పట్టుకునే ఉన్నాడు. నేను లేపలేదు.

అందుకే ఒక్క షరతు. గురక పెట్టేవాణ్ణి వెక్కిరించే పూరణలు వద్దు. ఎవరూ కావాలని గురక పెట్టరు. పాదం అసంభవంగా కనిపించాలి, మీ మొదటి మూడు పాదాలతో అది నిజం కావాలి.

తెల్లకలువ:
నిర్వాహకులవారికి నమస్కారం. నిరుడు మా నాన్నను డల్లాస్ తీసుకెళ్లాను. ఆయన రిటైరైన బడిపంతులు. నాకు పలక మీద ‘అ’ దిద్దించింది ఆయనే.

అక్షరమ్ములు దిద్దించినట్టి నాన్న
పక్క సీటున నిదురించె బడలిపోయి
దిండు సరిచేసి పక్కకుఁ దిప్పినాను
గురక పెట్టెడివాడె నా గురువు గాదె!

వెనక సీటాయన రెండుసార్లు మోకాలితో మా సీటును తన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. తల వెనక్కి వాల్చి నోరు తెరుచుకుని పడుకుంటే నాలుక, కొండనాలుక చుట్టూ ఉండే మెత్తటి భాగం గొంతులోకి జారి గాలికి అదురుతాయట. కిటికీ సీటు నాన్నకిచ్చాను. దుప్పటి చుట్టి వీపుకీ సీటుకీ మధ్య పెట్టి, ఆయన్ను కిటికీ వైపు కొంచెం ఒరిగేలా చేశాను. గురక పూర్తిగా పోలేదు కానీ సగానికి సగం తగ్గింది.

నిర్వాహకుడు:
చాలా బాగుందమ్మా. మొదటి పాదంలో ‘అక్షర’కు ‘దిద్దించిన + అట్టి’లోని అకారంతో యతి (పాదం మొదటి అక్షరానికీ మధ్యలో నిర్ణీత చోట వచ్చే అక్షరానికీ ఉండాల్సిన ధ్వని పొందిక) కుదిరింది. మూడో పాదంలో ఉపమానం లేదు, విశేషణం లేదు, కూతురి చెయ్యి మాత్రం కనిపిస్తోంది. నాకు ఈ పద్యంలో అన్నిటికన్నా అదే నచ్చింది.

గోదావరిగట్టు:
పద్యం హాయిగా ఉంది, కాదనను. కానీ అక్షరాలు నేర్పిన తండ్రి ఎలాగూ గురువే కదండీ. సమస్యలో ఉన్న చిక్కు మొదటి పాదంలోనే విడిపోయింది. గురక వల్లనే గురువయ్యాడని చెప్పగలిగితే పూరణకు ఇంకా బలం వచ్చేది.

నిర్వాహకుడు:
మీ మాటలో న్యాయం ఉంది. చిక్కును ముందే విప్పడం ఒక పద్ధతి, చివరిదాకా బిగించడం ఇంకో పద్ధతి. అవధాన సభలో అయితే నేనూ రెండోదే కోరుకుంటాను. ఈ పద్యాన్ని మాత్రం మార్చమని అడగను.

ధ్వనిశోధకుడు:
గోదావరిగట్టు గారు అడిగిన దారిలో నా ప్రయత్నం.

ఇంజనుల మోత తగ్గిన యీ విమాన
మందు ప్రతి చిన్న సవ్వడి మనకుఁ జేరు
ఓర్పు నేర్పెను రాత్రంత నొడలు మఱచి
గురక పెట్టెడివాడె నా గురువు గాదె!

శబ్దం మీద పని చేసేవాణ్ణి కాబట్టి రెండు మాటలు చెప్తాను. ఒక చప్పుడు ఇంకో చప్పుణ్ణి కప్పేస్తుంది. విమానం హోరు నిలకడగా ఉన్నంతసేపు దగ్గులు, గురకలు, ఫ్లష్ చప్పుళ్లు దాని కింద మునిగిపోతాయి. హోరు తగ్గితే అవన్నీ పైకి తేలతాయి. ఏ380 ప్రయాణికులతో ఎగరడం 2007లో మొదలైంది. మరుసటి ఏడాదే ఎమిరేట్స్ పైలట్లు విశ్రాంతి గదిలో నిద్ర పట్టడం లేదని ఫిర్యాదు చేశారు. విమానం మరీ నిశ్శబ్దంగా ఉండి, పిల్లల ఏడుపులూ టాయిలెట్ చప్పుళ్లూ నేరుగా వినిపిస్తున్నాయని వాళ్ల బాధ.

హోరును చంపే హెడ్‌ఫోన్ల కథ కూడా విమానంలోనే మొదలైంది. ఆడియో పరికరాల బోస్ సంస్థ స్థాపకుడు అమర్ బోస్ 1978లో జ్యూరిక్ నుంచి బోస్టన్ వెళ్తూ, విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్లలో సంగీతం సరిగా వినబడక, ఆ సీట్లోనే కూర్చుని లెక్కలు మొదలుపెట్టాడు. పైలట్ల కోసం ఆయన సంస్థ హెడ్‌సెట్ అమ్మకానికి తెచ్చేసరికి 1989 అయింది. ఇంత చెప్పి అసలు సంగతి చెప్పకపోతే తప్పు. ఆ హెడ్‌ఫోన్లు నిలకడగా ఉండే లోతైన హోరును బాగా తీసేస్తాయి. లేచి పడే గురకనీ, పసిపిల్లల ఏడుపునీ అంత బాగా తీయలేవు. గురకకు నురుగులాంటి మెత్తటి ఇయర్‌ప్లగ్‌లే నయం. దాన్ని వేళ్ల మధ్య సన్నగా పుల్లలా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా వేలితో ఆపాలి. చాలామంది చెవి అంచున తగిలించి పనిచేయలేదంటారు. పైన హెడ్‌ఫోన్ పెట్టుకుని వాన చప్పుడు సన్నగా పెట్టుకుంటే ఇంకా మంచిది. పోయిన హోరును మనమే తిరిగి తెచ్చుకున్నట్టు.

గోదావరిగట్టు:
భేష్. నేను అడిగింది ఇదే. ‘ఒడలు మఱచి’ నాకు చాలా నచ్చింది, తాను నేర్పుతున్నానన్న సంగతి ఆ గురువుకే తెలియదు. ఒక్క చిన్న మాట. ‘రాత్రంత’ వాడుక భాష, మిగతా పద్యం గ్రాంథికం. ‘రేయెల్ల’ అంటే గణం (గురులఘువుల, అంటే పొడుగు పొట్టి అక్షరాల, కూర్పు) చెడదు, యతి కూడా అలాగే ఉంటుంది.

ధ్వనిశోధకుడు:
సవరిస్తున్నానండీ. ‘ఓర్పు నేర్పెను రేయెల్ల నొడలు మఱచి.’ నిజంగానే నడక బాగుపడింది.

కొత్తకలం:
నమస్కారం. పద్యాలు నేర్చుకోవడం మొదలుపెట్టి మూడు నెలలైంది. తప్పులుంటే చెప్పండి.

చంటిపాపకుఁ జెవి నొప్పి చాల వచ్చె
దిగు విమానానఁ దల్లి పాలిచ్చె నంత
ఎంత యేడ్చిన నిద్రలో నేమి వినక
గురక పెట్టెడివాడె నా గురువు గాదె!

ఇంకో సందేహం. ‘కాదె’ అనకుండా ‘గాదె’ ఎందుకన్నారు?

నిర్వాహకుడు:
ముందు సందేహం తీరుస్తాను నాయనా. ‘గురువు’ ప్రథమా విభక్తిలో ఉంది. దాని మీద వచ్చే ‘కాదె’లోని కకారం గకారమవుతుంది. గసడదవాదేశం అంటారు.

ఇక పద్యం. గణాలన్నీ సరిగ్గా పడ్డాయి. తేటగీతి పాదానికి కావాల్సిన ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు, ఎక్కడా జారలేదు. మూడు నెలలకే ఇంత పట్టు రావడం సంతోషం. రెండో పాదంలో మాత్రం యతి తప్పింది. ‘ది’కి, నాలుగో గణం మొదట ఉన్న ‘పాలు + ఇచ్చె’లోని ‘ఇ’కి మైత్రి కుదరదు. అచ్చులు కలిస్తే చాలదు, హల్లులు కూడా కలవాలి. నాలుగో గణాన్ని కదపకుండా మొదటి గణం మార్చి చూడు.

కొత్తకలం:
అయితే ఇకారంతోనే మొదలుపెట్టాలి కదండీ. ‘ఇలకు దిగువేళఁ దల్లి పాలిచ్చె నంత.’ సరిపోతుందా?

నిర్వాహకుడు:
సరిపోవడమేమిటి, అర్థం కూడా పెరిగింది! ఇల అంటే నేల. విమానం నేలకు దిగుతుంటే గాలి ఒత్తిడి మారి పిల్లలకు చెవులు నొప్పెడతాయి. పాలు చప్పరించి మింగుతుంటే చెవికీ గొంతుకూ మధ్య ఉన్న సన్నటి గొట్టం తెరుచుకుని నొప్పి తగ్గుతుంది. ఆ తల్లి చేసింది అదే, నువ్వు చూసి రాశావు. విమానంలో పాప ఏడిస్తే ముఖం చిట్లించేవాళ్లకు ఈ పాదం చదివి వినిపించాలనిపిస్తోంది. అంత గొడవలోనూ చలించకుండా నిద్రపోయినవాడు గురువు అనడం కూడా పొందికగా ఉంది.

ఇక్కడే ఇంకో మాట. ఒకరు పంపిన పూరణలో గురక పెట్టేవాడి ముక్కు మూయడం, నెత్తిన మొట్టడం ఉన్నాయి. ఛందస్సు నిర్దోషం, అయినా ప్రచురించడం లేదు. నిద్రపోతున్న మనిషి జవాబు చెప్పుకోలేడు. భరించలేకపోతే సిబ్బందిని అడిగితే ఖాళీ సీటు ఉంటే మారుస్తారు. మనవాళ్లయితే భుజం తట్టి ‘కాస్త పక్కకు తిరగండి బాబాయ్’ అంటే చాలు.

అర్ధరాత్రిపాంథుడు:
ఇది నా సొంత అనుభవం.

ఊపిరాగెడి గురకలో నున్న కీడు
తనకె తెలియక నా కిట్లు తగఁగఁ దెలిపె
వైద్యుఁ జూడఁగఁ బోతి నా బ్రదుకు నిలిచె
గురక పెట్టెడివాడె నా గురువు గాదె!

మూడేళ్ల కిందటి మాట. పక్క సీటతను గురక పెడుతూ ఉన్నట్టుండి ఆగిపోయేవాడు. చప్పుడు లేదు, ఛాతీ ఎగరడం లేదు. నేను మనసులో లెక్కపెట్టాను. పద్నాలుగు దాకా వచ్చేసరికి నీళ్లలోంచి లేచినవాడిలా ఒక్కసారిగా గాలి పీల్చి, మళ్లీ గురక. అదే పదే పదే. మా ఆవిడ నా గురించి చెప్పేది కూడా సరిగ్గా ఇదే. ‘మీరు ఊపిరాపేస్తున్నారండీ, నాకు భయమేస్తోంది’ అని ఎన్నోసార్లు అంది. నేను కొట్టిపారేసేవాణ్ణి. ఆ రాత్రి మొదటిసారి అది ఎలా ఉంటుందో కళ్లారా చూశాను. ఇంటికి వెళ్లగానే నిద్ర పరీక్ష చేయించుకున్నాను, నిద్రలో ఊపిరాగే జబ్బు, స్లీప్ ఆప్నియా అన్నారు. ఇప్పుడు మాస్కు పెట్టుకుని గాలి పంపే సీప్యాప్ మెషీన్‌తో పడుకుంటున్నాను. విమానం ఎక్కినా అది నా చేతిసంచీలోనే ఉంటుంది. పొద్దున్నే తలనొప్పి, పగలు కునికిపాట్లు ఉండి ఇలా ఊపిరాగే గురక ఉన్నవాళ్లు దయచేసి ఆలస్యం చేయకండి.

గోదావరిగట్టు:
మూడో పాదంలో ‘వై’కి ‘బ్ర’తో యతి చెల్లుతుంది. వకార బకారాలకు మైత్రి ఉంది, ఐత్వం అకారంతో కలుస్తుంది. నిజానికి ఇది చదివాక యతులు వెతకబుద్ధి కాలేదు. గురక వల్లనే గురువు కావడం అంటే ఇది.

నిర్వాహకుడు:
ఈ వారం నా ఓటు కూడా దీనికే. ధ్వనిశోధకుడు గారు చెప్పిన పైలట్ల సంగతి నా మనసులో తిరుగుతూనే ఉంది. అందులోంచే వచ్చే వారం సమస్య. ఈసారి ఆటవెలది అనే ఇంకో పద్యరూపంలో నాలుగో పాదం, అయిదూ సూర్యగణాలే.

సద్దు లేక నిదుర చాలఁ జెడియె

తెల్లకలువ:
అప్పుడే పంపకూడదేమో, క్షమించండి. ఈ పాదం మా అమ్మమ్మకు చదివి వినిపించాను. ఆమెకు 79 ఏళ్లు. చిన్నప్పుడు నేర్చుకున్న ఛందస్సు ఇంకా వేళ్ల మీదే ఉంది. మధ్యాహ్నం కాఫీ తాగుతూ చెప్పింది, నేను రాసుకున్నాను.

నలువదేండ్లు విన్న నాథుని గురకయే
జోలపాట యయ్యెఁ జూడ నాకు
అతఁడు లేని యింట నర్ధరాత్రమునందు
సద్దు లేక నిదుర చాలఁ జెడియె

నిర్వాహకుడు:
అమ్మమ్మగారికి నా నమస్కారాలు చెప్పమ్మా. గణాలు, యతులు అన్నీ సరిగ్గా ఉన్నాయి. రెండో పాదంలో ‘చూడ’ పాదం నిండడానికి వచ్చిన మాటే. అది కూడా అలాగే ఉండనీ.