కొలోన్ కేథడ్రల్: అమ్మానాన్నలతో వెళ్తే టవర్ ఎక్కాలా?

ఓరుగల్లు_పిల్ల: వచ్చే నెల అమ్మానాన్న జర్మనీ వస్తున్నారు. కొలోన్‌లో రైలు మారాలి, మధ్యలో నాలుగు గంటలుంది. కేథడ్రల్‌కి సరిపోతుందా? టవర్ ఎక్కొచ్చా? అమ్మకి మోకాళ్ల నొప్పులు, అదే టెన్షన్.

బందరు_లడ్డు: సరిపోతుందండి. స్టేషన్ బయట అడుగుపెడితే ఎదురుగా అదే, వెతకక్కర్లేదు. పెద్ద సూట్‌కేసులు లోపలికి రానివ్వరు, స్టేషన్ లాకర్లో పడేయండి. టవర్ మాత్రం అమ్మగారితో వద్దు. 533 మెట్లు, లిఫ్ట్ లేదు. మెట్లు గుండ్రంగా తిరుగుతూ పోతాయి, బాగా ఇరుకు. నేను వెళ్లినప్పుడు ఎదురుగా స్కూలు పిల్లలు దిగుతుంటే గోడకి బల్లిలా అతుక్కుపోయాను. దారిలో గంటల గది వస్తుంది, కాసేపు ఆగి ఆయాసం తీర్చుకోవచ్చు. అక్కడి పెద్ద గంట 24 టన్నులు, 1923లో పోతపోశారు. ఊళ్లోవాళ్లు ముద్దుగా లావు పీటర్ అంటారు.

రైన్‌గట్టు: టవర్ ఎక్కితే ఊరు కనిపిస్తుంది గానీ కేథడ్రల్ కనిపించదు కదా! రైన్ నది వంతెన దాటి అవతలి ఒడ్డున కొలోన్ ట్రయాంగిల్ అనే బిల్డింగ్ పైకి వెళ్లండి, లిఫ్ట్ ఉంది.

ఇంకోటి, మీది ఓరుగల్లు కాబట్టి చెప్తున్నా. ఈ కేథడ్రల్‌కి 1248లో పునాది వేసేనాటికి అక్కడ గణపతిదేవుడు ఏలుతున్నాడు. పూర్తయింది 1880లో! పదహారో శతాబ్దంలో పని ఆగిపోయింది. సగం కట్టిన దక్షిణ గోపురం మీద చెక్క క్రేన్ మూడొందల ఏళ్లకి పైగా అలాగే నిలబడి ఉంది. 1842లో మళ్లీ మొదలెట్టారు. మన ఊళ్లో ఫ్లైఓవర్ ఆలస్యమైందని ఇక నేను తిట్టను.

తెనాలి_తమ్ముడు: పెద్ద బలిపీఠం వెనక బంగారు పెట్టె మిస్ కావద్దు అక్కా. బాల యేసుని చూడటానికి వచ్చిన తూర్పు దేశపు జ్ఞానుల అవశేషాలు అందులో ఉన్నాయని నమ్మకం, 1164లో మిలాన్ నుంచి తెచ్చారు. చిన్నప్పుడు మా చర్చి క్రిస్మస్ నాటకంలో నేనూ ఒక జ్ఞానినే, దూది గడ్డంతో. ఆ పెట్టె ముందు నిలబడితే అదే గుర్తొచ్చి నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

బందరు_లడ్డు: దక్షిణం వైపు రంగుల కిటికీ కూడా. జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ 2007లో చేశాడు, 72 రంగుల్లో 11 వేలకు పైగా గాజు చదరాలు. మధ్యాహ్నం ఎండ కాస్తే నేలంతా రంగులే.

ఓరుగల్లు_పిల్ల: వెళ్లొచ్చాం, అందరికీ థాంక్స్. మబ్బు పట్టింది, నేల మీద రంగులు పడలేదు. అమ్మ బల్ల మీద కూర్చుని అరగంట పైకప్పే చూసింది. నాన్న ఎంత చెప్పినా వినకుండా టవర్ ఎక్కారు. మెట్లు లెక్కపెడతానని బయల్దేరి, రెండొందల దగ్గర లెక్క తప్పారట.