టోంగరీరో ట్రెక్‌కి హైదరాబాద్ నుంచి ఏం సర్దుకు రావాలి?

కొత్తగా_హామిల్టన్:
అందరికీ నమస్తే. న్యూజీలాండ్ వచ్చి మూడు నెలలైంది. డిసెంబర్ చివర్లో మా తమ్ముడు హైదరాబాద్ నుంచి వస్తున్నాడు. ఇద్దరం టోంగరీరో ఆల్పైన్ క్రాసింగ్ (అగ్నిపర్వతాల మీదుగా ఒక్కరోజు నడక) చేద్దామనుకుంటున్నాం. నా ప్రశ్న ఒక్కటే. వాడి జాకెట్ అక్కడే కొనాలా, ఇక్కడ కొనాలా?

సాండ్రింగమ్_అక్క:
జాకెట్ సంగతి తర్వాత తమ్ముడూ, ముందు బూట్ల సంగతి చెప్పు. కొత్తవా, పాతవా? పాతవైతే ఇవాళే బ్రష్ పెట్టి కడగమను. బయటి మట్టి, గింజలు ఈ దేశంలోకి రానివ్వరు.

మా మరిది 2016లో వచ్చాడు. అనంతగిరి కొండల్లో తిరిగిన బూట్లు, కవర్లో చుట్టి సూట్‌కేస్ అడుగున పెట్టాడు. విమానంలో ఇచ్చిన కార్డులో క్యాంపింగ్, హైకింగ్‌కి వాడిన సామాన్లు ఉన్నాయా అని అడిగితే లేవని టిక్ పెట్టాడు. ఎందుకలా పెట్టావయ్యా అంటే, "బూట్లు సామాన్లేంటి వదినా, కాళ్ళకేసుకునేవి కదా" అన్నాడు! ఆక్లాండ్ ఎయిర్‌పోర్టులో ఆఫీసరమ్మ ఆ బూట్లు తిరగేసి, అడుగు గాళ్ళలోంచి ఎండిన ఎర్రమట్టి ట్రేలోకి గీకింది. లేసు ముడిలోంచి ఒక పల్లేరు కాయ పట్టుకారుతో తీసి వాడి ముందు పెట్టింది. ఒక్క కాయ! అక్కడికక్కడే 400 డాలర్ల ఫైన్. ఆవిడ గట్టిగా ఒక్క మాట కూడా అనలేదట, నవ్వుతూనే రసీదు ఇచ్చిందట. మేము బయట రెండు గంటలు నిలబడ్డాం, కార్లో ఉప్మా చల్లారిపోయింది. బూట్లు మాత్రం కడిగి ఇచ్చారు. అంత తెల్లగా అవి కొన్నరోజు కూడా లేవు.

పాతకాపు_2004:
అక్క చెప్పింది నిజమే కానీ అసలు పాయింట్ వదిలేశారు. ఫైన్ పడింది మట్టికి కాదు, చెప్పనందుకు. ఉందని చెబితే ఫైన్ ఉండదు, మహా అయితే వస్తువు తీసేసుకుంటారు. ఇప్పుడు ఆ కార్డుకి బదులు డిక్లరేషన్ ఫోన్లోనే నింపొచ్చు. ప్రయాణం మొదలుపెట్టే ముందు 24 గంటల లోపల చేయాలి, పైసా కట్టక్కర్లేదు. డబ్బులడిగే వెబ్‌సైట్ కనిపిస్తే మూసేయండి. తేనె, పచ్చి కరివేపాకు అసలు వద్దు. ఆవకాయ మాత్రం భేషుగ్గా తేవచ్చు. నేను తొమ్మిదిసార్లు చెప్పి తెచ్చాను, తొమ్మిదిసార్లూ వదిలారు.

వెల్లింగ్టన్_గాలి:
మీకు వదిలారని అందరికీ వదులుతారా? మా అత్తగారి నిమ్మకాయ పచ్చడి ఎదురుగానే చెత్తడబ్బాలో పడేశారు. చూసే ఆఫీసరును బట్టి ఉంటుందండీ. కొత్తవాళ్ళకి గ్యారంటీలు ఇవ్వకండి.

పాతకాపు_2004:
మీ అత్తగారి సీసా కారిపోయి ఉంటుంది. నేను 2004 నుంచి ఈ దేశంలో ఉన్నాను.

వెల్లింగ్టన్_గాలి:
నేను 2001 నుంచి. సీసా కారలేదు.

టౌపో_బాబాయ్:
ఆ అబ్బాయి అడిగింది జాకెట్ గురించి. ఎవరైనా చెప్పారా?

బాబూ, జాకెట్ ఇక్కడే కొనండి, లేదా అద్దెకు తీసుకోండి. అక్కడ "వాటర్ రెసిస్టెంట్" అని అమ్మేవి హైదరాబాద్ జల్లుకి ఆగుతాయేమో కానీ, కొండమీద గాలితో అడ్డంగా కొట్టే వానకి ఆగవు. డిసెంబర్ అంటే వేసవే కదా అనుకోవద్దు. దారిలో అన్నిటికన్నా ఎత్తైన రెడ్ క్రేటర్ దగ్గర 1,800 మీటర్లు దాటతారు, కింద టీషర్టుతో తిరిగినవాడికి అక్కడ పళ్ళు కొట్టుకుంటాయి. జీన్స్ వద్దు, కాటన్ బనీను కూడా వద్దు. తడిస్తే ఆరవు, ఒంట్లో వేడంతా లాగేస్తాయి. లోపల ఉన్నిది, పైన ఫ్లీస్, ఆపైన రెయిన్ జాకెట్. టోపీ, గ్లౌజులు, సన్‌స్క్రీన్ కూడా పెట్టుకోండి. ఇక్కడి ఎండ చల్లగా ఉన్నట్టే ఉండి మాడుస్తుంది.

దారి సుమారు 20 కిలోమీటర్లు, ఏడెనిమిది గంటలు. తాగే నీళ్ళు దొరకవు, మనిషికి రెండు మూడు లీటర్లు మోయాలి. రెడ్ క్రేటర్ నుంచి దిగేచోట కంకర కాళ్ళకింద జారుతుంది. మడమ దించి మెల్లగా దిగాలి, అక్కడ పరిగెత్తేవాళ్ళని చూసి పరిగెత్తొద్దు. కింద కనిపించే ఆకుపచ్చ చెరువులు ఇక్కడి మూలవాసులు మావోరీలకు పవిత్రం. నీళ్ళు ముట్టుకోవద్దు. ఇంకో మాట. మొదలయ్యే మంగటెపోపో దగ్గర కారు నాలుగు గంటలకు మించి ఆపనివ్వరు, దారి ముగిసేది ఇంకోచోట. షటిల్ బస్సు ముందే బుక్ చేసుకోండి.

సాండ్రింగమ్_అక్క:
తిండికి చింతపండు పులిహోర కట్టుకోండి. చల్లారినా బాగుంటుంది. ఆ బ్రెడ్డు ముక్కలతో మనవాళ్ళు కొండెక్కలేరు.

వెల్లింగ్టన్_గాలి:
పులిహోర తిన్నాక అంత దాహానికి నీళ్ళు ఎవరు మోస్తారక్కా?

టౌపో_బాబాయ్:
ఏది తిన్నా చెత్త వెనక్కి తెచ్చుకోండి. స్టవ్ గ్యాస్ డబ్బా విమానంలో ఎందులోనూ పెట్టనివ్వరు. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి.

కొత్తగా_హామిల్టన్:
అందరికీ థాంక్స్. జాకెట్ ఇక్కడే తీసుకుంటాం. ఇప్పుడే తమ్ముడికి వీడియో కాల్ చేశాను. బూట్లు కడిగాడు, బాగానే ఉన్నాయి. కానీ చోటు కలిసొస్తుందని అమ్మ వాటిలో కారప్పొడి పొట్లాలు కుక్కింది. తీయమంటే ఒప్పుకోవట్లేదు. బాబాయ్, ఇది డిక్లరేషన్‌లో తిండి కింద రాయాలా, బూట్ల కింద రాయాలా?