నడకలో ఇయర్‌ఫోన్ వైరు చేసే చప్పుడు: తప్పు వైరుదా, పెట్టుకునే తీరుదా?

పరుగుబాట:
చెవి కాలువలోకి దూర్చి పెట్టుకునే ఇయర్‌ఫోన్లతో కూర్చుని వింటున్నంతసేపు నాకు ఏ ఇబ్బందీ లేదు. లేచి నాలుగడుగులు వేయగానే వైరు చొక్కాకు రాసుకునే గరగర, అడుగడుగునా దబ్‌మనే మోత పాటకంటే ముందు చెవిన పడుతున్నాయి. పరుగు మొదలుపెట్టానంటే, వింటున్న ప్రసంగంలో సగం మాటలు ఆ రొదలోనే కలిసిపోతాయి. వైరు నాసిరకమైనదని, దాన్ని మార్చమని ఒక మిత్రుడు అంటాడు. పెట్టుకోవడం చేతకాక వైరును తిడుతున్నావని ఇంకొకడు అంటాడు. వైరు లేనివి కొనుక్కోవచ్చన్న సంగతి నాకూ తెలుసు కానీ, ఉన్నవాటి శబ్దం నాకు బాగా నచ్చింది కనుక వాటిని వదులుకోకుండా ఏం చేయవచ్చో, ఆ ఇద్దరిలో ఎవరి మాట నిజమో చెప్పమని మనవి.

తీగలాగితే:
పరుగుబాట గారూ, ఎవరి మాటనైనా నమ్మేముందు ఒక పరీక్ష చేసి చూడండి. ఇయర్‌ఫోన్లను చెవుల్లోనే ఉంచుకుని, జాక్‌ను ఫోన్ నుంచి ఊడదీసి, గడ్డానికి జానెడు కింద వైరు మీద గోటితో మెల్లగా గీయండి. పాట లేదు, కరెంటు లేదు, అయినా ఆ గీత మోత చెవిలో స్పష్టంగా వినబడుతుంది. అంటే ఇది లోపలి తీగల్లో పుట్టిన విద్యుత్ సంకేతం కాదు. వైరు పైతొడుగు కంపిస్తోంది, ఆ కంపనం ఇయర్‌పీస్ డొల్లదాకా పాకి, బిగుతుగా మూసుకుపోయిన చెవి కాలువలోని గాలిని కదిలిస్తోంది. రెండు అగ్గిపెట్టెలకు దారం కట్టి పిల్లలు ఆడుకునే టెలిఫోన్ ఇలాగే పనిచేస్తుంది. దారం మధ్యలో ఎవరైనా వేలు ఆనించారంటే అవతలివారికి మాట అందదు. మీ సమస్యకు మందు ఆ వేలే.

వైరును ఇయర్‌పీస్ నుంచి తిన్నగా కిందికి వదలకుండా, చెవి పైనుంచి వెనక్కు తిప్పి దించండి. కింద పుట్టిన కంపనం చెవి మడత దగ్గర చర్మానికి ఆని అక్కడే చాలావరకు చచ్చిపోతుంది, వైరు బరువు కూడా ఇయర్‌పీస్‌ను లాగకుండా చెవి మీద పడుతుంది. వేదిక మీద గాయకులు వాడే ఇన్-ఇయర్ మానిటర్లను సాధారణంగా ఈ విధంగానే పెట్టుకుంటారు. మీ ఇయర్‌పీస్ ఆకారం ఇందుకు ఒప్పుకోకపోతే కుడిదాన్ని ఎడమ చెవికి, ఎడమదాన్ని కుడి చెవికి మార్చి చూడండి. కుడివైపు వినిపించవలసిన వాద్యం అప్పుడు ఎడమవైపు వినిపిస్తుంది కానీ, ప్రసంగం వినేవారికి దానితో పనిలేదు.

ఆ తరువాత క్లిప్. వైరు రెండుగా చీలే చోటుకు కాస్త దిగువన, కాలరు దగ్గర దాన్ని బట్టకు పట్టించండి. క్లిప్‌కూ చెవికీ నడుమ, తలను రెండువైపులా పూర్తిగా తిప్పగలిగేంత వదులు మాత్రమే ఉండాలి. వదులు ఎక్కువైతే వైరు ఊగి మెడకు కొట్టుకుంటుంది, చాలకపోతే తల తిప్పిన ప్రతిసారీ లాగుతుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు క్లిప్‌ను నడుము దగ్గర పెట్టడం. దానివల్ల ఫోన్ బరువు ఆగుతుందేమో కానీ, ఛాతీ మీద ఊగే వైరు ఊగుతూనే ఉంటుంది.

నాణ్యతాపక్షం:
పరీక్షతో నాకు పేచీ లేదు, దాని నుంచి తీసిన తీర్మానంతోనే పేచీ. కంపనం పాకేది వైరు గుండా అయినప్పుడు ఆ వైరు ఎలాంటిదన్నది ముఖ్యం కాకుండా ఎలా పోతుంది? నా దగ్గర మొదట బట్ట అల్లిక తొడుగున్న వైరు ఉండేది. చూడటానికి ముచ్చటగా ఉన్నా, జాకెట్ జిప్పుకు తగిలినప్పుడల్లా ఆకురాయితో ఇనుము రాకినట్టు ఉండేది. పైగా పెట్టెలో చుట్టిన వంకరలు నెలలు గడిచినా పోలేదు, వంకర ఉన్నచోటల్లా అది చొక్కాకు తగిలేది. మెత్తని తొడుగుతో, వెండి పూత తీగలతో ఉన్న వైరు వేసుకున్నాక చప్పుడు సగానికి సగం తగ్గింది. వైరు ఊడదీసి మార్చుకునే వీలున్న ఇయర్‌ఫోన్ అయితే ముందు చేయవలసిన పని అదే.

తీగలాగితే:
మెత్తని తొడుగు మేలన్న మాట ఒప్పుకుంటాను, నా సమాధానంలో దాన్ని విడిచిపెట్టడం నా పొరపాటే. బిరుసు వైరు కంపనాన్ని చేరవేసినంత బాగా మెత్తనిది చేరవేయదు, గరుకు అల్లిక రాసుకున్నంతగా నున్నని తొడుగు రాసుకోదు. అయితే మీకు కలిగిన లాభం తొడుగుదే తప్ప వెండిది కాదు. లోపల రాగి ఉన్నా వెండి పూత ఉన్నా చొక్కాకు తగిలేది తొడుగే కదా. గిటార్ వైరును కదిలిస్తే స్పీకరులో వినబడే కరకర వేరే జాతి. అది ఇంపెడెన్స్, అంటే మారే విద్యుత్ ప్రవాహానికి ఎదురయ్యే అడ్డు, చాలా ఎక్కువగా ఉండే పరికరాల వైర్లలో, తొడుగుల రాపిడికి పుట్టే విద్యుదావేశం వల్ల వచ్చేది. ఇయర్‌ఫోన్ల ఇంపెడెన్స్ తక్కువ గనుక ఆ బెడద వీటికి లేదు. జాక్ ఊడదీయగానే ఆగిపోయే కరకర ఏదైనా మీకు వినబడితే అది వదులైన జాక్‌దో, లోపల తెగుతున్న తీగదో అయి ఉంటుంది. దానికి క్లిప్ పనికిరాదు.

మూడోచెవి:
ఇద్దరూ వైరును పట్టుకుని అడుగు చప్పుడును వదిలేశారు. పరుగుబాట గారు చెప్పినవి రెండు చప్పుళ్లు: గరగర ఒకటి, దబదబ ఒకటి. గరగర వైరుదే. దబదబలో మాత్రం వైరు వాటా కొంతే. ఏ ఇయర్‌ఫోనూ లేకుండా రెండు వేళ్లతో చెవులు గట్టిగా మూసుకుని, మడమలు ఆనేటట్టు గట్టి నేల మీద నడవండి. అదే మోత వినబడుతుంది. అడుగు అదురు ఎముకల వెంట పైకి వచ్చి చెవి కాలువ గోడలను కదిలిస్తుంది. కాలువ తెరిచి ఉన్నప్పుడు ఆ శబ్దంలో చాలా భాగం బయటికి పోతుంది, మూసినప్పుడు మాత్రం లోపలే చిక్కుకుని పెద్దదవుతుంది. ఇది 1,000 హెర్ట్జ్‌కు దిగువనున్న మంద్ర శబ్దాల్లోనే ఎక్కువ. నోరు మూసి నమిలినప్పుడు ఇయర్‌ఫోన్లలో పిండిమర ఆడినట్టు వినబడేదీ ఇందుకే. కాబట్టి వైరు లేనివి కొన్నా గరగర పోతుంది కానీ, టిప్పులు, అంటే చెవిలోకి దూరే మెత్తని కొసలు, చెవిని మూసేవే అయితే దబదబ పోదు. మెడ చుట్టూ వేసుకునే నెక్‌బ్యాండ్‌లకైతే బ్లూటూత్ ఉన్నప్పటికీ పొట్టి వైర్లు ఉండనే ఉంటాయి, కాలరు మీద అవీ రాసుకుంటాయి.

నిదానం:
అలాంటప్పుడు టిప్పులు ఒక సైజు చిన్నవి వేసుకుని కాస్త వదులుగా పెట్టుకుంటే రెండు చప్పుళ్లూ ఒక్కసారే తగ్గుతాయి కదా? చెవిని మూయకుండా బయటి గిన్నెలో కూర్చునే పాతకాలపు ఇయర్‌బడ్స్‌లో ఈ గొడవే ఉండేది కాదు. రోడ్డు మీద పరుగెత్తేవారికి వెనుక వచ్చే వాహనం హారన్ వినబడటం కూడా అవసరమే. చెవికి బిరడా వేసి, ఆ బిరడా తెచ్చిన చప్పుడును పోగొట్టడానికి క్లిప్పులు కొనమనడం నాకు తిరకాసుగా తోస్తోంది.

మూడోచెవి:
నిదానం గారూ, వాహనాల మాట కాదనలేను. రోడ్డు మీదికి చెవిని మూయనివే మేలు. నిశ్శబ్దంగా ఉన్న బాటలోనూ, ట్రెడ్‌మిల్ మీదా అయితే మాత్రం మీ ఉపాయానికి ఒక మూల్యం ఉంది. టిప్పు వదులైతే ముందుగా పోయేది పాటలోని మంద్రం. బయటి రొద లోపలికి వస్తుంది, వినేవారి వేలు తెలియకుండానే వాల్యూమ్ మీదికి పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కలిసి 2019లో ఇచ్చిన ప్రమాణంలో పెద్దలకు వారానికి 80 డెసిబెల్స్ వద్ద 40 గంటల వినికిడిని హద్దుగా పెట్టారు. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగితే ఆ గడువు సగమై 20 గంటలవుతుంది. రోజూ గంటలకొద్దీ వినేవారికి ఇది చిన్న తేడా కాదు. నేనైతే దీనికి తలకిందుల దారి చెబుతాను. మెత్తని ఫోమ్ టిప్పును వేళ్లతో నలిపి, నొప్పి పుట్టనంత మేరకు కాస్త లోతుగా పెట్టుకుంటే దబదబ తగ్గుతుంది. కాలువలో ఎక్కువగా కదిలేది బయటివైపు మృదులాస్థి భాగమే కనుక, టిప్పు లోపలికి పోయినకొద్దీ ఆ కదలికకు చిక్కే గాలి తగ్గుతుంది.

నిదానం:
లోతుగా తోసుకోమన్న సలహా అందరి చెవులకూ నప్పదు, నా చెవులు అరగంటకే నొప్పి పెడతాయి. వాల్యూమ్ పెంచకుండా ఉండటం మనిషి చేతిలో పని కనుక, నా మటుకు నేను వదులు టిప్పులనే వాడతాను.

పరుగుబాట:
అందరి సలహాలనూ ఒక్కొక్కటిగా, ఒకే బాటలో, ఒకే ప్రసంగం వింటూ మూడు రోజులు చూశాను. మొదటిరోజు వైరును చెవి మీదుగా తిప్పానే కానీ క్లిప్ పెట్టలేదు. నడకలో గరగర ఇంచుమించు పోయింది, పరుగులో మాత్రం వైరు మెడకు తగిలిన టకటక మిగిలింది. రెండోరోజు వైరును వీపువైపు దించి కాలరుకు క్లిప్ పెట్టాను, ఆ టకటక కూడా ఆగింది. దబదబ మటుకు రెండు రోజులూ తగ్గలేదు కాబట్టి మూడోచెవి గారు వేరుచేసి చెప్పింది నిజమే. మూడోరోజు ఫోమ్ టిప్పులతో అది నడకలో పట్టించుకోనవసరం లేనంతకు వచ్చింది, పరుగులో ఇంకా ఉంది. నా ఇయర్‌ఫోన్‌కు వైరు ఊడిరాదు కనుక నాణ్యతాపక్షం గారి మాటను పరీక్షించే వీలు లేకపోయింది. ఒకటి మాత్రం ఎవరూ చెప్పలేదు: వీపు మీదుగా వైరు వేసుకున్నప్పుడు ఫోన్‌ను ముందు జేబులో పెడితే వైరు పొడవు చాలడం లేదు, వెనుక జేబులోకి మార్చాను.