ఘాట్‌లో డీజిల్ అందక ఆగిపోతోంది, లిఫ్ట్ పంపు పెట్టించాలా?

కడప 1613 (ప్రశ్న)

అన్నలూ, నాది టాటా 1613 లారీ, ఇన్‌లైన్ ఇంజెక్షన్ పంపు బండి. ఎర్రగుంట్లలో సిమెంటు ఎత్తుకుని రాయచోటికి వేస్తుంటాను. నెల రోజులుగా గువ్వలచెరువు ఘాట్‌లో సతాయిస్తోంది. ట్యాంకు నిండుగా ఉంటే ఏ ఇబ్బందీ లేదు. సగానికి దిగిందంటే చాలు, సెకండ్ గేర్‌లో మలుపు తిరిగేసరికి లాగడం మానేస్తుంది. మొన్న లోడుతో అక్కడే ఆగిపోయింది. క్లీనర్ దూకి వెనక టైరుకు రాయి వేశాడు. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు మీద ప్రైమర్ (చేత్తో కొట్టే చిన్న పంపు) 30 సార్లు కొడితే గానీ స్టార్ట్ కాలేదు. వెనకాల బస్సులు, పక్కన లోయ. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ఫిల్టర్లు రెండూ మార్చాను. మెకానిక్ ట్యాంకు దగ్గర్నుంచి డీజిల్‌ను ఇంజన్‌కు నెట్టే ఎలక్ట్రిక్ లిఫ్ట్ పంపు పెట్టించమంటున్నాడు. ఎలాంటిది తీసుకోవాలి? ఎక్కడ బిగించాలి? పాత ఫీడ్ పంపు తీసేయాలా?

అనంతపురం పంపు మెకానిక్

తమ్ముడూ, పంపు కొనే ముందు ఒక్క పూట ఓపిక పట్టు. ట్యాంకు సగానికి దిగినప్పుడే అన్నావు చూడు, అసలు సంగతి అక్కడుంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా డీజిల్‌ను పీల్చుకోవాలి. ఆ దారిలో పగులుంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కింద చుక్క కనపడదు కాబట్టి జనం ఫిల్టర్లు, నాజిళ్లు మారుస్తూ డబ్బులు పోగొట్టుకుంటారు.

ట్యాంకు సగం ఉన్నప్పుడు ఫీడ్ పంపుకు ముందు జానెడు ట్రాన్స్‌పరెంట్ పైపు పెట్టి రేజ్ చెయ్యి. బుడగలు వస్తే, ట్యాంకు నుంచి వచ్చే పైపును ట్యాంకు దగ్గర విప్పి ఆ కొసను డీజిల్ క్యాన్‌లో ముంచు. బుడగలు పోయాయంటే తప్పు ట్యాంకు వైపే. నాకైతే ట్యాంకులోకి దిగే పైపు మీదే అనుమానం. దానికి మధ్యలో పగులుంటే డీజిల్‌లో మునిగినంతసేపు తెలియదు, తేలగానే గాలి తాగుతుంది.

అది బాగుచేశాక కూడా పంపు కావాలంటే విను. నీ ఇంజన్ ఫుల్ లోడులో గంటకు 25 లీటర్ల దాకా తాగుతుంది. వాడగా మిగిలి రిటర్న్ పైపులో ట్యాంకుకు తిరిగి పోయేదీ ఉంది కాబట్టి గంటకు 100 లీటర్లన్నా ఇవ్వాలి. ప్రెషర్ 1 నుంచి 2 బార్ మధ్య చాలు. నీ బండి 12 వోల్టులా, 24 వోల్టులా చూసుకుని కొను. ట్యాంకు పక్కనే, వీలైనంత కిందికి బిగించు. ఈ పంపులు నెట్టడంలో గట్టివి, పీల్చడంలో అంతంతమాత్రం. పంపుకు ముందు జాలీ ఫిల్టరు ఉండాలి, సన్న ఫిల్టర్లు మాత్రం ఇంజన్ దగ్గరే ఉండనీ.

పాత ఫీడ్ పంపు తీయొద్దు. కొత్తది దారిలో చచ్చిపోతే నిన్ను ఇంటికి చేర్చేది అదే. అయితే కొన్ని ఎలక్ట్రిక్ పంపులు ఆగిపోతే డీజిల్‌ను దాటనివ్వవు, అందుకే పక్కన నాన్ రిటర్న్ వాల్వుతో బైపాస్ పైపు పెట్టించు.

వైరు నేరుగా బ్యాటరీకి ఇవ్వనే వద్దు. ఫ్యూజు, రిలే పెట్టి ఆయిల్ ప్రెషర్ స్విచ్ మీదుగా ఇవ్వు. ఇంజన్ ఆగితే పంపూ ఆగాలి. లేదంటే యాక్సిడెంట్‌లో పైపు తెగినా రోడ్డు మీద డీజిల్ పోస్తూనే ఉంటుంది.

ఆదోని డ్రైవర్

అన్న చెప్పిన ప్రెషర్ మాట మరిచిపోవద్దు బ్రదర్. చవగ్గా వస్తోందని నేను పెట్రోల్ కారు పంపు వేయించాను. అది 3 బార్ పైనే కొడుతుంది. పది రోజులకు ఆయిల్ గేజ్ తీసి చూస్తే లెవెల్ పెరిగి ఉంది, వాసన చూస్తే డీజిల్. ఫీడ్ పంపు సీలు దాటి ఇంజన్ ఆయిల్ ఛాంబర్‌లోకి దిగింది. అలాగే ఇంకో రెండు రోజులు తిప్పి ఉంటే బేరింగులు పోయేవి.

అనంతపురం పంపు మెకానిక్

ఇంకో మాట. పైపులు విప్పినప్పుడు బాంజో బోల్టులకు (పైపు కొసల్ని బిగించే, లోపల బోలుగా ఉండే బోల్టులు) కొత్త రాగి వాషర్లు వేయించు. దొరక్కపోతే పాతవాటిని ఎర్రగా కాల్చి చల్లార్చితే మెత్తబడి బాగా కూర్చుంటాయి. టెఫ్లాన్ టేపు మాత్రం చుట్టనివ్వకు, ఆ పీలికలు పంపులోకి పోతాయి.

కడప 1613

అన్నా, నీకు దండం. ఆదివారం ట్యాంకు పైపు బయటికి తీశాం. పైపుకు దాదాపు మధ్యలో, బ్రేజింగ్ చేసిన చోట వెంట్రుక మందాన పగులు. ఒక కొసను వేలితో మూసి ఇంకో కొసలో ఊదితే అక్కడ చెంపకు గాలి తగిలింది. కొత్త పైపు వేయించాను. లిఫ్ట్ పంపు ఇప్పటికి వద్దనుకున్నా.

నిన్న పావు ట్యాంకుతో, ఫుల్ లోడుతో ఘాట్ ఎక్కాను. మొన్న ఆగిన మలుపు వచ్చేసరికి క్లీనర్ రాయి ఒళ్లో పెట్టుకుని డోరు పట్టుకున్నాడు. పైన కోవా అంగళ్ల దగ్గర ఆపినప్పుడు చూస్తే ఆ రాయి ఇంకా ఒళ్లోనే ఉంది.