కోళ్ల ఎరువు ఎత్తడానికి లోడర్ పెట్టాలి: సెకండ్ హ్యాండ్‌లో ఏ ట్రాక్టర్ మేలు?

కోళ్లఫారం_తణుకు

నమస్కారమండి. మాది తణుకు దగ్గర. గుడ్ల కోళ్ల ఫారం, స్తంభాల మీద మూడు షెడ్లు. షెడ్ల కింద పడ్డ ఎరువు ఎత్తి ట్రక్కుల్లో పోయడం పెద్ద తలనొప్పి అయిపోయింది. ఇదివరకు కూలోళ్లు తట్టలతో ఎత్తేవారు, ఇప్పుడా వాసనకి ఎవరూ రావట్లేదు. జేసీబీని పిలిస్తే గంటకి పన్నెండొందలు. చేపల చెరువుల పనులు మొదలయ్యాయంటే మన ఫోనే ఎత్తరు. పైగా అది షెడ్డు కిందకి దూరదు. మనుషులు బయటికి లాగి కుప్ప పోస్తేనే ఎత్తుద్ది. మనుషులే ఉంటే దాన్ని పిలవడం ఎందుకండి.

అందుకని పాత ట్రాక్టర్ కొని దాని మూతికి లోడర్ (ఎత్తిపోసే బకెట్) బిగిద్దామనుకుంటున్నాను. అంతా కలిపి ఐదు లక్షల చిల్లర దాటకూడదు. ఇప్పటిదాకా చూసినవి ఇవి. మా పక్కూళ్లో మహీంద్రా 575, 2013 మోడల్, మామూలు స్టీరింగ్, 2.8 లక్షలు చెప్తున్నాడు. ఏలూరు అవతల మెట్టలో స్వరాజ్ 744, 2015ది, పవర్ స్టీరింగ్, 3.4. ఇంకోటి జాన్ డీర్ 5310, 2009ది, లోడర్ బిగించే ఉంది, 4.6 అంటున్నాడు. ఇసుక ర్యాంపులో తిరిగిందంట. మా బావేమో మ్యాసీ 1035 చవగ్గా దొరుకుద్ది, డీజిల్ తక్కువ తాగుద్ది, అది కొనెయ్ అంటాడు.

ఏడాదంతా పని ఉండదు. ఎరువు, అప్పుడప్పుడూ ఊక, కొబ్బరితోటలోకి కాస్త మట్టి. దమ్ము పనికి వాడను. తెలిసినవాళ్లు చెప్పండి.

పాలమూరు_రైతు

అన్నా, కండ్లు మూసుకొని 575 తీస్కో. నాలుగు సిలిండర్ల ఇంజను, తక్కువ ఆర్పీఎంల కూడా గుంజుతది. సామాను ఏ మండలంల అడిగినా దొరుకుతది, మెకానిక్ కోసం ఎతుకులాడే పని లేదు. మా దగ్గర సగం బండ్లు అవే. 5310 మంచి బండే గని దాని సామాను రేటు జూస్తే కండ్లు తిరుగుతయ్. స్టీరింగ్ అంటవా, నాలుగు రోజులైతే చేతులకు అలవాటైతది.

షెడ్డు_మేస్త్రి (తెనాలి)

పాలమూరు తమ్ముడు చెప్పింది దుక్కికీ తోలకానికీ నిజం. లోడర్‌కి మాత్రం నేనొప్పుకోను.

కొనేవాళ్లందరూ ఇంజను సౌండు విని, పొగ చూసి బేరం ఆడతారు. లోడర్ పనిలో ఇంజనుకి పెద్ద కష్టం ఉండదు, రోటవేటర్ తోలినప్పుడు పడే బరువులో సగం కూడా పడదు. అరిగేవి ముందు యాక్సిల్, స్టీరింగ్, క్లచ్. ముందు అవి చూడండి, ఆ తర్వాతే ఇంజను.

లెక్క చెప్తాను. 744కి ముందు చక్రం నుంచి వెనక చక్రానికి దాదాపు ఆరున్నర అడుగులు. బకెట్ మధ్యభాగం ముందు యాక్సిల్‌కి ఐదడుగులు అవతల ఉంటుందనుకుందాం. మీరు 400 కిలోలు ఎత్తితే ముందు యాక్సిల్ మీద పడేది 700 కిలోలు. పైన వచ్చిన 300 వెనక టైర్ల మీద నుంచి లేచి ముందుకి వచ్చిన బరువు. అంటే ముందు నలిగిపోతుంటే వెనక తేలిపోతుంది. లోడర్ ఇనుము సొంత బరువు ఇందులో కలపలేదు, అది పని ఉన్నా లేకపోయినా రోజూ మోయాల్సిందే. ఇంత బరువు మీద, బండి నిలబడి ఉండగా, మామూలు స్టీరింగ్ తిప్పాలంటే డ్రైవర్ నాలుగు రోజులకి అలవాటు పడడు, మానేస్తాడు. స్టీరింగ్ బాక్సులో ఆట కూడా త్వరగా వస్తుంది. కాబట్టి పవర్ స్టీరింగ్ లేని బండి మీ జాబితాలోంచి తీసేయండి.

హెచ్‌పీ సంగతి చెప్తాను. మీకు 45 చాలు. ఎందుకంటే మీరెత్తేది తేలిక సరుకు. పద్నాలుగు ఘనపుటడుగుల బకెట్ అనుకోండి. పొడిగా ఉన్న కోళ్ల ఎరువు అయితే అందులో రెండొందల కిలోలు పడుతుంది, నీళ్ల పైపు కారి ముద్దయిన ఎరువు అయితే నాలుగొందల దగ్గరికి పోతుంది. అదే బకెట్ నిండా తడి ఇసుక పోస్తే ఏడొందల పైమాటే. ఇప్పుడు ఆ 5310 ఏళ్ల తరబడి ఇసుక ర్యాంపులో ఏం మోసిందో మీరే లెక్కేసుకోండి. బండిగా అది గట్టిదే. 55 హెచ్‌పీ, పవర్ స్టీరింగ్, ఆయిల్ బ్రేకులు అన్నీ దానికి కంపెనీ నుంచే వస్తాయి. కానీ ర్యాంపు బండి ముందు భాగం కొత్తగా కట్టుకోవడానికి మీ దగ్గర ఇంకో లక్ష ఉంటేనే దాని జోలికి పోండి.

మీ బావ చెప్పిన 1035. 36 హెచ్‌పీ బండి, దాని పనుల్లో దానికి వంక పెట్టలేం. కానీ దాని హైడ్రాలిక్ పంపు లోపల పీటీవో షాఫ్ట్ (వెనక పనిముట్లు తిప్పే షాఫ్ట్) మీద తిరుగుతుంది. క్లచ్ పూర్తిగా తొక్కితే షాఫ్ట్ ఆగుతుంది, పంపూ ఆగుతుంది. ట్రక్కు దగ్గరికొచ్చి క్లచ్ తొక్కి బకెట్ లేపబోతే అది గాల్లో సగంలో నిలబడి మీ మొహం చూస్తుంది. క్రాంక్ పుల్లీకి జాయింట్ వేసి ముందు వేరే పంపు, వేరే ట్యాంకు పెడితే ఆ బాధ పోతుంది. ఏ బండికైనా నేను అలాగే బిగించమంటాను. అయినా 1035 బరువు తక్కువ, వెనక ఇంకా తేలుతుంది.

ఇంకొకటి చాలామందికి తట్టదు. లారీకి ఉన్నట్టు ట్రాక్టర్‌కి కింద ఛాసిస్ ఉండదు. ఇంజను, క్లచ్ హౌసింగ్, గేర్ బాక్స్ ఒకదానికొకటి బోల్టులతో బిగించిందే దాని వెన్నెముక. లోడర్ ఫ్రేమును ఇంజను పక్కన నాలుగు బోల్టులకి తగిలించి ఊరుకుంటే, కుప్పలోకి గుద్దినప్పుడల్లా ఆ దెబ్బ క్లచ్ హౌసింగ్ జాయింటు మీదకే పోతుంది. ఫ్రేము పట్టీలు వెనక యాక్సిల్ హౌసింగ్ దాకా రావాలి. చవగ్గా చేసిస్తామనేవాళ్లు ఎగ్గొట్టేది సరిగ్గా ఈ పట్టీలనే. పాత లోడర్ బండి చూసేటప్పుడు ఆ జాయింటు దగ్గర ఆయిల్ చెమ్మ ఉందా, కొత్తగా బాండ్ (లీకు ఆపే పేస్టు) పూశారా, వెల్డింగ్ మచ్చలకి పెయింట్ కొట్టారా అని టార్చి వేసి చూడండి. అక్కడ వెల్డింగ్ కనబడితే బేరం కూడా ఆడొద్దు, టీ తాగి వచ్చేయండి.

తర్వాత జాకీ. ముందు యాక్సిల్ మధ్యలో జాకీ వేసి రెండు చక్రాలూ లేపండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి, బేరింగు గానీ స్టబ్ యాక్సిల్ బుష్ గానీ పోయి ఉంటే టక్కుటక్కుమని చేతికే తెలుస్తుంది. జాకీ దించాక బంపర్ కింద గడ్డపార పెట్టి లేపండి. యాక్సిల్ కదలకుండా బండి మూతి ఒక్కటే లేస్తే సెంటర్ పిన్ (ముందు యాక్సిల్ మధ్యలో ఊగే పిన్ను) అరిగినట్టు. పిన్నూ బుష్షూ మార్చుకోవచ్చు, భయపడక్కర్లేదు, ఆ ఖర్చు ధరలో కోయించండి. పిన్ను తిరిగి తిరిగి దాని ఇల్లే సాగిపోయి ఉంటే మాత్రం లేత్ పని.

మీ డెల్టా బండ్లతో ఇంకో జాగ్రత్త. దమ్ము చక్రాలు వేసి బురదలో తిప్పిన బండికి వెనక సీళ్లలోంచి నీళ్లు లోపలికి పోతాయి. గేర్ బాక్స్ గేజీ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) బయటికి తీసి చూడండి, ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపల బేరింగులు తుప్పు పట్టినట్టే. పక్కూరి 575 విషయంలో నాకున్న అసలు అనుమానం ఇదే. మెట్ట బండికి ఈ గొడవ తక్కువ. దానికి దుమ్ము గొడవ, అంటే ఎయిర్ ఫిల్టరు. చల్లటి ఇంజను మీరే స్టార్ట్ చేసి బ్రీదర్ పైపు (ఇంజను లోపలి గాలి బయటికొచ్చే పైపు) దగ్గర చెయ్యి పెట్టండి. గాలి కొట్టినట్టు కొడితే పిస్టన్ రింగులు అయిపోయాయి.

గంటల మీటరు సంగతి రాయను. అది చూసి ధర కట్టేవాళ్లు ఇంకా ఉన్నారంటే నాకు నవ్వొస్తుంది. క్లచ్ పెడల్ రబ్బరు, బ్రేకు పెడల్ అంచు చూడండి, అవి దాచలేరు.

మదనపల్లె_డైరీ

మేస్త్రి గారు చెప్పిందాంట్లో తొంభై పాళ్లు ఒప్పుకుంటా. ఒక్క మాట నాది. లోడర్ ఉండే బండ్లన్నీ పాడు అని తోసేయొద్దన్నా. నాకు ఆవులుండాయి, పేడ దిబ్బ ఎత్తేదానికి, సైలేజీ (పాతర గడ్డి) తీసేదానికి ముందే లోడర్ బిగించిండే పాత బండే కొన్న్యా. ఇటికల బట్టీదో ఇసుకదో అయితే వద్దు. డైరీ వాళ్లు అమ్మేది అయితే చూడు. బకెట్ పిన్నుల కాడ రంధ్రం గుండ్రంగా ఉందా, కోడిగుడ్డు మాదిరి సాగిపోయిందా చూస్తే అది ఎంత మోసిందో తెలిసిపోతాది. బకెట్ పైకెత్తి ఇంజను ఆపేసి, కింద ఎవురూ లేకుండా చూసుకోని, పది నిమిషాలు నిలబడు. కొంచెం కొంచెం దిగితే సిలిండర్ సీళ్లు, వాల్వు చూపించుకోవాల. దబ్బున దిగితే వదిలేయ్.

వెనక బరువు లేకుండా మాత్రం ఒక్క పూట కూడా తిప్పొద్దు. కల్టివేటర్ తగిలిస్తే చాలదు. రెండడుగుల పొడుగు, వెడల్పు, ఎత్తుతో కాంక్రీటు దిమ్మె పోయించి వెనక పనిముట్లు తగిలిచ్చే త్రీ పాయింట్‌కు తగిలిచ్చుకుంటే అర టన్ను పైన వస్తాది. ఖర్చు సిమెంటు మూటలదే. వెనక టైర్లలో నీళ్లు కూడా నింపిచ్చుకో. బకెట్ నిండుగా ఉండేటప్పుడు నేలకి అడుగు ఎత్తులోనే పెట్టుకోని నడపాల. పైకెత్తుకోని మలుపు తిప్పినోళ్ల కతలు మా పక్క చానా ఉండాయి.

ధర ఇంకా దిగుతాది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతం అయింది కదా, కొత్త బండ్లు తగ్గినాయి. పాత బండ్ల వాళ్లు ఇంకా అంతకు ముందు రేటే చెప్తాండారు. ఆ మాట వాళ్ల ముందర పెట్టు.

కోళ్లఫారం_తణుకు

అందరికీ థ్యాంక్సండి. 575 ఓనరుని గేజీ తియ్యమంటే "ఇప్పుడెందుకండీ, ఆయిల్ మొన్నే మార్చాం" అన్నాడు. అక్కడితో దండం పెట్టేశాను. నిన్న ఏలూరు వెళ్లి 744 చూశాం. గేర్ ఆయిల్ శుభ్రంగానే ఉంది. చల్లటి ఇంజను ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది, బ్రీదర్ దగ్గర పెద్ద గాలి లేదు. చక్రాలు ఊపితే బాగానే ఉన్నాయి గానీ, గడ్డపార పెడితే మూతి లేచిందండి, సెంటర్ పిన్ ఆట ఉంది. ముందు టైర్లు 6.00-16, గుండు. 3.4 చెప్పినోడు 3.1కి దిగాడు. ఫైనాన్సు మొత్తం కట్టేశానంటున్నాడు, ఆర్‌సీలో మాత్రం ఇంకా ఫైనాన్సు పేరు ఉంది. తీసుకోవచ్చా? లోడర్ షాపువాడు రెండు లక్షలు చెప్తున్నాడు, బకెట్ ఆరడుగులు వెయ్యమంటున్నాడు.

షెడ్డు_మేస్త్రి (తెనాలి)

తీసుకోండి. పిన్నూ బుష్షూ ఎలాగూ మార్చాలి, టైర్లు ఎలాగూ వెయ్యాలి, ఆ రెండూ చూపించి మూడు లక్షల లోపుకి తెండి. టైర్లు మళ్లీ 6.00 వెయ్యొద్దు. రిమ్ములతో సహా 7.50-16 వేయించండి, బరువు ఆపుతాయి, మెత్త నేలలో దిగబడవు.

ఫైనాన్సు కట్టేస్తే కంపెనీ ఎన్ఓసీ (బాకీ లేదన్న కాయితం), ఫైనాన్సు పేరు తీయించడానికి వాళ్లు సంతకం పెట్టిన ఫారం 35 అతని చేతిలో ఉండాలి. అవి చూపించేదాకా బయానా దాటి ఒక్క రూపాయి ఇవ్వొద్దు. బండి మీ పేరు మీదకి మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు డబ్బిచ్చే రోజే పెట్టించుకోండి. ట్రక్కు (ట్రైలర్) కూడా కలిపి ఇస్తున్నాడంటే దాని ఆర్‌సీ వేరే ఉంటుంది, అడగండి.

లోడర్ షాపువాడు రెండు లక్షలు చెప్పాడంటే అందులో క్రాంక్ పంపు, ట్యాంకు, వెనక యాక్సిల్ దాకా పట్టీలు ఉన్నాయో లేదో కాయితం మీద రాయించుకోండి. ఆరడుగుల బకెట్ మీ షెడ్డు స్తంభాల మధ్య పడుతుందో లేదో అతనికేం తెలుసు? టేపు పట్టుకుని స్తంభానికీ స్తంభానికీ మధ్య కొలవండి. వెనక చక్రాల వెడల్పు కంటే ఓ రెండు మూడంగుళాలు ఎక్కువ ఉంటే చాలు బకెట్, లేకపోతే వదిలిన ఎరువు మీదే మీ టైరు ఎక్కుతుంది. కేజ్‌ల కింద ఎత్తు కూడా కొలవండి. 744 సైలెన్సరు పైకి ఉంటుంది, తగిలేటట్టయితే కిందకి వంచి పెట్టించుకోవచ్చు. స్టీరింగ్ చక్రం, డ్రైవర్ తల వంగవు కదా, ఆ ఎత్తు లేకపోతే బకెట్ ఒక్కటే లోపలికి చాపి లాక్కోవాలి. దానికి చేతులు పొడుగు లోడర్ కావాలి, అలా పొడుగైతే ముందు యాక్సిల్ మీద బరువు మళ్లీ పెరుగుతుంది. అందుకే కొలతలు తీసుకుని ఇక్కడ పెట్టండి, ఆర్డర్ ఆ తర్వాత ఇద్దురుగాని.

ఇంకోటి, కోళ్ల ఎరువూ, అందులోని అమ్మోనియా కలిసి ఇనుమునీ వైర్లనీ తినేస్తాయి. పని అయిన రోజే నీళ్లు కొట్టి కడిగి పిన్నులకి గ్రీజు పెట్టమని డ్రైవర్‌కి చెప్పండి. బ్యాటరీ టెర్మినళ్లకి కూడా.

కోళ్లఫారం_తణుకు

స్తంభాల మధ్య ఏడడుగుల రెండంగుళాలు వచ్చిందండి. ఎత్తు రేపు కొలిచి పెడతాను, ఇప్పుడు కోళ్లు పడుకున్నాయి, లైటు వేస్తే గోల.