మార్నర్ వెళ్లిపోయాడు. ఇప్పుడు లీఫ్స్ జట్టును విప్పి మళ్లీ కట్టాలా, కెప్టెన్ మాథ్యూస్ ఉన్నంతకాలం స్టాన్లీ కప్ కోసమే ఆడాలా?

నీలం తెలుపు, మిస్సిసాగా · 2 జూలై 2025

మొన్న జూన్ 30న మన ఐస్ హాకీ జట్టు టొరంటో మేపుల్ లీఫ్స్ తన స్టార్ ఆటగాడు మిచ్ మార్నర్‌ని వేగస్ జట్టుకు పంపేసింది. అక్కడ అతనికి ఎనిమిదేళ్ల కాంట్రాక్టు, ఏడాదికి 12 మిలియన్ డాలర్లు. బదులుగా మనకు వచ్చింది నికొలా రువా ఒక్కడే. మంచి సెంటర్ ఆటగాడే, కాదనను. కానీ పోయిన సీజన్‌లో 102 పాయింట్లు (గోల్స్, గోల్స్‌కు అందించిన పాస్‌లు కలిపి) చేసిన మనిషి పోయి మూడో లైన్ (వంతులవారీగా దిగే నాలుగు బృందాల్లో మూడోది) ఆటగాడు వచ్చాడు. రెండు రోజులుగా ఇదే ఆలోచిస్తున్నాను.

నేను ఈ దేశానికి వచ్చింది 2013లో. ఐస్ హాకీ గురించి ఏమీ తెలియదు. ఆ మే నెలలో రూమ్మేట్స్‌తో కూర్చుని చూసిన మొదటి మ్యాచ్ బోస్టన్ మీద ప్లేఆఫ్స్ ఏడో గేమ్, అంటే ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో చివరిది. చివరిదైన మూడో పీరియడ్‌లో లీఫ్స్ 4-1 ఆధిక్యంలో ఉండి ఓడిపోయారు. ఆ రాత్రి గదిలో ఎవరూ మాట్లాడలేదు. అప్పటి నుంచి నేను ఈ జట్టు మనిషినే.

తర్వాత 2014లో క్లబ్ ప్రెసిడెంట్‌గా షానహాన్ వచ్చి అంతా విప్పేశాడు. కెస్సెల్‌ని పిట్స్‌బర్గ్‌కు, కెప్టెన్ ఫానఫ్‌ని ఒట్టావాకు పంపించారు. 2015-16లో లీగ్ మొత్తంలో చివరి స్థానం. ఆ వేసవిలో డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే పద్ధతి, ఒక్కో వంతు ఒక పిక్) మొదటి పిక్‌తో మాథ్యూస్ వచ్చాడు. నైలాండర్, మార్నర్ అప్పటికే ఉన్నారు. ఇక మనదే రాజ్యం అనుకున్నాం. ఇల్లు అలకగానే పండుగ కాదని తెలియడానికి తొమ్మిదేళ్లు పట్టింది. తొమ్మిదేళ్లూ ప్లేఆఫ్స్‌కు వెళ్లాం. గెలిచిన సిరీస్‌లు రెండే: 2023లో టాంపా మీద, ఈ ఏడాది ఒట్టావా మీద. ఆ తర్వాత ఫ్లోరిడా మీద సిరీస్‌లో 2-0తో ముందుండి, సొంత గడ్డ మీద ఐదో గేమ్, ఏడో గేమ్ రెండూ 6-1తో పోగొట్టుకున్నాం. కప్ చివరిసారి వచ్చింది 1967లో.

నా మాట సూటిగా చెప్తాను. ఇక విప్పేయాలి. నైలాండర్‌కు, రైలీకి ఇప్పుడే మంచి ధర వస్తుంది. మూడేళ్లు బాధపడదాం.

ఒంటారియో నాన్న, బ్రాంప్టన్ · 2 జూలై

అన్నా, మీ బాధ నాకు తెలుసు, ఆ ఫ్లోరిడా ఏడో గేమ్ రోజు నేను టీవీ ఆపేసి పిల్లాణ్ని పార్కుకు తీసుకెళ్లాను. కానీ మీరు చెప్పేది కుదరదు.

విప్పేయడం అంటే చివరి స్థానానికి పడటం, పడినందుకు ప్రతిఫలంగా మంచి పిక్ తెచ్చుకోవడం. ఆ పిక్స్ ఎక్కడున్నాయి? ఈ ఏడాది ఫస్ట్ రౌండ్ పిక్ 2023లో మెకేబ్‌ని తెచ్చుకున్న ట్రేడ్‌లోనే (ఆటగాళ్ల, పిక్స్ మార్పిడి) షికాగోకు పోయింది. 2026ది మార్చిలో కార్లో కోసం బోస్టన్‌కు ఇచ్చేశారు, మన కుర్రాడు మింటెన్‌ని కూడా కలిపి. 2027ది లాటన్ కోసం ఫిలడెల్ఫియాకు. కొన్ని షరతులున్నాయి, మరీ అడుగుకు పడితే పిక్ మనకే మిగలొచ్చు, కానీ మనం మామూలుగా చెడిపోతే పండు తినేది బోస్టన్. మనం ఓడిపోతుంటే బోస్టన్ వాళ్లు చప్పట్లు కొట్టడం నేను చూడలేను.

పోనీ చివరి స్థానానికే పడ్డామనుకోండి. మొదటి పిక్ ఎవరికో లాటరీ తీసి తేలుస్తారు, అప్పుడు కూడా అది మనకు వచ్చే అవకాశం పాతిక శాతమే. ఈ మే నెల లాటరీలో అట్టడుగున ఉన్న శాన్ హోసేకు రాలేదు, కింది నుంచి పదో స్థానంలో ఉన్న ఐలాండర్స్‌కు వచ్చింది.

మాథ్యూస్ కాంట్రాక్టు 2028 దాకా ఉంది. అంటే మూడు సీజన్లు. ఆ మూడూ ఆడాలి, గెలవడానికే ఆడాలి.

కొత్తగా చూస్తున్నా, వాటర్‌లూ · 3 జూలై

నమస్తే అండి. నేను హైదరాబాద్ నుంచి పోయిన సెప్టెంబర్‌లో చదువుకోవడానికి వచ్చాను. మార్నర్ గురించి ఎక్కడ విన్నా క్యాప్, క్యాప్ అంటున్నారు. అంత పెద్ద ఆటగాణ్ని డబ్బుల్లేక వదిలేశారా? టొరంటో దగ్గర డబ్బు లేదా?

ఒంటారియో నాన్న, బ్రాంప్టన్ · 3 జూలై

తమ్ముడూ, డబ్బుకు కొదవ లేదు, ఖర్చు పెట్టనివ్వరు, అంతే. క్యాప్ అంటే జట్టు మొత్తం జీతాల మీద పరిమితి. ఐపీఎల్ వేలంలో ఒక్కో జట్టుకు 120 కోట్ల పర్సు ఇచ్చారు కదా, అలాంటిదే. ఓనర్ ఎంత ధనవంతుడైనా అంతకు మించి పెట్టకూడదు. 2004-05లో ఓనర్లకూ ఆటగాళ్లకూ గొడవై సీజన్ మొత్తం రద్దయింది, ఆ తర్వాతే ఈ పద్ధతి వచ్చింది. అప్పుడు పరిమితి 39 మిలియన్ డాలర్లు. వచ్చే సీజన్‌కు 95.5.

ఐపీఎల్‌తో తేడా ఏంటంటే, ఇక్కడ మెగా వేలం లేదు. ఈ రోజు సంతకం చేసిన కాంట్రాక్టు ఏడెనిమిదేళ్లు నీ మెడలో ఉంటుంది. ఆటగాడు గాయపడినా, ఫామ్ పోయినా ఆ లెక్క క్యాప్‌లో కనిపిస్తూనే ఉంటుంది.

లీఫ్స్ కథలో దురదృష్టం కూడా ఉంది. టవారెస్‌కు 2018లో 11 మిలియన్లు, మాథ్యూస్‌కు, మార్నర్‌కు 2019లో పెద్ద కాంట్రాక్టులు ఇచ్చారు. క్యాప్ ఏటా పెరుగుతుందన్న లెక్కతో ఇచ్చారు. కోవిడ్ వచ్చి మూడు సీజన్లు 81.5 దగ్గరే ఆగిపోయింది. పోయిన సీజన్‌లో ఈ ముగ్గురూ, నైలాండర్, నలుగురి జీతాలే 46 మిలియన్లు దాటాయి, 88 మిలియన్ల క్యాప్‌లో సగానికి పైన. మిగిలిన సగంతో గోలీలు, డిఫెన్స్, మూడు నాలుగు లైన్లు అన్నీ నింపాలి. ఏటా ప్లేఆఫ్స్‌లో కింది లైన్లు చేతులెత్తేయడానికి కారణం ఇదే.

సరిహద్దు అవతల, బఫెలో · 3 జూలై

విప్పేద్దాం, మూడేళ్లు బాధపడదాం అన్న మాట చదివి రాయకుండా ఉండలేకపోయాను. నేను బఫెలో జట్టు సేబర్స్ అభిమానిని. మూడేళ్లు అని మాకూ చెప్పారు. మేము చివరిసారి ప్లేఆఫ్స్ ఆడింది 2011లో. పద్నాలుగు సీజన్లు. లీగ్ చరిత్రలో ఏ జట్టూ ఇన్నాళ్లు బయట లేదు.

2015 మార్చిలో అరిజోనా మా ఊరికి వచ్చింది. అడుగున మేము, మా పక్కనే వాళ్లు. ఓవర్‌టైమ్‌లో వాళ్లు గోల్ కొట్టి గెలిస్తే మా స్టేడియంలో మా జనమే కేరింతలు కొట్టారు. ఓడితే ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో అందరూ కోరుకున్న కుర్రాడు మెక్‌డేవిడ్ వస్తాడని ఆశ. మేము చివరి స్థానంలోనే నిలిచాం, లాటరీ మాత్రం ఎడ్మంటన్ గెలిచింది. మాకు రెండో పిక్‌తో ఐకెల్ వచ్చాడు. గొప్ప ఆటగాడే. కానీ ఆ రోజు సొంత జట్టు ఓటమికి చప్పట్లు కొట్టడం ఈ ఊళ్లో ఏదో విరిచేసిందని నా నమ్మకం. డ్రెస్సింగ్ రూమ్‌లో ఉన్న ఆటగాళ్లకు అది వినపడదా?

తర్వాత ఏమైందో చూడండి. మా ఆటగాడు రయన్ ఒరైలీ ఈ ఓటముల వల్ల ఆట మీద ప్రేమే పోతోందని బయటికి చెప్పాడు. 2018 జూలై 1న సెయింట్ లూయిస్‌కు పంపేశారు. మరుసటి ఏడాదే అక్కడ కప్ గెలిచాడు, ప్లేఆఫ్స్‌లో అత్యుత్తమ ఆటగాడి ట్రోఫీ కూడా అతనికే. ఐకెల్ మెడ ఆపరేషన్ విషయంలో క్లబ్‌తో పడక 2021లో వేగస్‌కు వెళ్లాడు, 2023లో కప్. మా ఇంకో ఆటగాడు రైన్‌హార్ట్‌ను 2021లోనే ఫ్లోరిడాకు ఇచ్చాం. 2024 ఫైనల్ ఏడో గేమ్‌లో గెలుపు గోల్ అతనిదే. మొన్న జూన్‌లో ఫైనల్ ఆరో గేమ్‌లో ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టాడు. నేను ఆ రాత్రి చూస్తూ కూర్చున్నాను, ఆనందమో ఏడుపో నాకే తెలియలేదు.

న్యాయంగా చెప్పాలంటే ఒరైలీ ట్రేడ్‌లో వచ్చిన కుర్రాడు టేజ్ థాంప్సన్ ఒక సీజన్‌లో 47 గోల్స్ చేశాడు. ట్రేడ్‌లన్నీ చెడ్డవి కావు. మా జబ్బు వేరు. ప్రతి రెండు మూడేళ్లకు కోచ్ మారాడు, మేనేజర్ మారాడు, వచ్చినవాడల్లా పునాది మళ్లీ తవ్వాడు. కుర్రాళ్లకు ఎలా గెలవాలో నేర్పే పెద్దవాళ్లను ఉంచలేదు. నీలం తెలుపు గారూ, మీ ఊళ్లో ఏటా ఏప్రిల్‌లో బాధ ఉంటుంది. మా ఊళ్లో ఏప్రిల్‌లో ఏమీ ఉండదు.

మాంట్రియల్ నుంచి · 4 జూలై

బఫెలో అన్న రాసింది చదివి మనసు బరువెక్కింది. కానీ విప్పడం అంటే బఫెలో ఒక్కటే కాదు. మా మాంట్రియల్ జట్టు కెనేడియన్స్‌ని చూడండి.

2021లో ఫైనల్ ఆడాం, 2021-22లో లీగ్‌లో చివరికి పడ్డాం. కెంట్ హ్యూస్ 2022 జనవరిలో జనరల్ మేనేజర్‌గా వచ్చాడు, అంతకు ముందు ఆటగాళ్ల ఏజెంట్. మొదటి పిక్‌తో స్లాఫ్‌కోవ్‌స్కీని తీసుకున్నాడు, అందరూ దాని గురించే వాదించుకున్నారు. అదే డ్రాఫ్ట్‌లో 62వ పిక్‌తో లేన్ హట్సన్‌ని తీసుకున్నాడు. పొట్టివాడని అందరూ వదిలేసిన డిఫెన్స్ కుర్రాడు. ఈ ఏడాది లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడు అతనే.

నాకు బాగా నచ్చింది మోనహాన్ కథ. 2022 ఆగస్టులో కాల్గరీకి క్యాప్‌లో చోటు కావాలి. గాయాలతో ఉన్న మోనహాన్ జీతం వదిలించుకోవాలని అతన్ని మాకిచ్చి, పైన ఒక ఫస్ట్ రౌండ్ పిక్ కూడా ఇచ్చారు. మేము అతనికి ఆడే చోటిచ్చాం, కోలుకున్నాడు. 2024 ఫిబ్రవరిలో విన్నిపెగ్ మరో ఫస్ట్ రౌండ్ పిక్ ఇచ్చి తీసుకెళ్లింది. ఒకే మనిషి మీద రెండు పిక్స్. క్యాప్‌లో ఖాళీ చోటు ఉంచుకోవడం కూడా ఆస్తేనని అప్పుడు అర్థమైంది.

ఇక జీతాలు. కెప్టెన్ సుజుకీకి ఏడాదికి 7.875 మిలియన్లు, కాఫీల్డ్‌కు 7.85, స్లాఫ్‌కోవ్‌స్కీకి 7.6. ముగ్గురికీ ఎనిమిదేళ్లు. కెప్టెన్ కంటే ఎవరూ ఎక్కువ అడగలేదు. టొరంటోలో 2019లో కుర్రాళ్లు అడిగినంత ఇచ్చారు, పైగా తక్కువ ఏళ్లకే ఇచ్చారు. మాథ్యూస్ ఐదేళ్లు, మార్నర్ ఆరేళ్లు. అసలు తప్పు ఎంత ఇచ్చారన్న దానిలో కాదు, ఎన్నేళ్లకు ఇచ్చారన్న దానిలో ఉందని నా అభిప్రాయం.

ఈ వసంతంలో ప్లేఆఫ్స్‌కు వెళ్లి వాషింగ్టన్ చేతిలో మొదటి రౌండ్‌లోనే ఓడాం. అయినా మా స్టేడియం బెల్ సెంటర్‌లో ఆ చప్పుడు మళ్లీ విన్నాం.

రాత్రి షిఫ్ట్, స్కార్‌బరో · 4 జూలై

బయట అందరూ మార్నర్‌ని దొంగలా మాట్లాడుతున్నారు, అది తప్పు. మార్కమ్‌లో పుట్టిన పిల్లాడు. 657 మ్యాచ్‌లు, 741 పాయింట్లు. నో మూవ్ క్లాజ్ (తన ఒప్పుదల లేకుండా వేరే జట్టుకు పంపకూడదన్న షరతు) క్లబ్బే సంతకం చేసి ఇచ్చింది. కాంట్రాక్టులో రాసి ఉన్న హక్కు వాడుకుంటే స్వార్థమా? మనం ఆఫీసులో ఆఫర్ లెటర్‌లో ఉన్నది అడగమా?

నీలం తెలుపు, మిస్సిసాగా · 5 జూలై

స్కార్‌బరో తమ్ముడు చెప్పింది ఒప్పుకుంటున్నాను. తప్పు ఆటగాడిది కాదు. ఆ క్లాజ్ అమల్లోకి వచ్చింది 2023 జూలై 1న. అంతకు ముందు మే నెలలో జనరల్ మేనేజర్ డూబస్‌ని పంపేశారు, నెలాఖరుకు అతని చోట ట్రెలివింగ్ వచ్చాడు. సరిగ్గా అమ్మాల్సిన ఆరు వారాలు కుర్చీ మారడం, కొత్తవాడు కుదురుకోవడంతోనే గడిచిపోయాయి. ఈ మార్చిలో కరోలినా స్టార్ రాంటనెన్ కోసం ట్రేడ్‌కు ఒప్పుకోమని మార్నర్‌ను అడిగారని వార్తలు వచ్చాయి, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది.

అదే మార్చిలో కరోలినా ఏం చేసిందో చూడండి. జనవరిలో నేచస్‌ను ఇచ్చి రాంటనెన్‌ను తెచ్చుకున్నారు. అతను కొత్త కాంట్రాక్టుకు సంతకం చేయడని తెలియగానే ఆరు వారాల్లో డాలస్‌కు పంపేశారు. స్టాంకోవెన్, రెండు ఫస్ట్ రౌండ్ పిక్స్, రెండు థర్డ్ రౌండ్ పిక్స్ వచ్చాయి. పరువు పోయిందని చాలామంది అన్నారు. కానీ ఖాళీ చేతులతో మాత్రం మిగల్లేదు.

ఇక మూడు రోజులుగా మీరు రాసినవి చదివాక నా మొదటి మాట కొంచెం మార్చుకుంటున్నాను. పిక్స్ లేకుండా విప్పడం బోస్టన్‌కు బహుమతి ఇవ్వడమే. ఒంటారియో నాన్న గారు చెప్పింది నిజం. జీతాల లెక్క కూడా మారింది. టవారెస్ 4.38కి ఉండిపోయాడు, మన కుర్రాడు నైస్ ఆరేళ్లకు 7.75కి సంతకం చేశాడు. మాథ్యూస్, నైలాండర్, ఈ ఇద్దరూ, పై నలుగురికీ కలిపి 37 మిలియన్ల లోపే. ఈ జట్టుకు చాలా ఏళ్ల తర్వాత ఊపిరి తీసుకునే చోటు దొరికింది.

కానీ మూడు సీజన్లు కళ్లు మూసుకుని ఆడదాం అంటే మాత్రం ఒప్పుకోను. మాథ్యూస్‌తో కొత్త కాంట్రాక్టు రాసుకోవడానికి వీలయ్యే మొదటి రోజు 2027 జూలై 1. అతనికీ పూర్తి నో మూవ్ ఉంది. ఆ వారంలోనే కూర్చోబెట్టి అడగాలి: ఉంటావా, వెళ్తావా? ఉంటానంటే సంతకం చేయించాలి. వెళ్తానంటే ఏ ఊళ్లకు ఇష్టమో అడిగి, అదే వేసవిలో పంపాలి. అప్పటిదాకా ఇంకో ఫస్ట్ రౌండ్ పిక్ కూడా ఎవరికీ ఇవ్వకూడదు, మూడో లైన్ ఆటగాడి కోసమైతే అసలే వద్దు.

ఒంటారియో నాన్న, బ్రాంప్టన్ · 5 జూలై

పిక్స్ ఇవ్వకూడదన్నంత వరకు మీతో ఉన్నాను అన్నా. కానీ మాథ్యూస్‌ను అమ్మే మాట మా ఇంట్లో అనకండి. మావాడికి తొమ్మిదేళ్లు, 34 నంబర్ జెర్సీ వేసుకునే పడుకుంటాడు. 2027 గురించి 2027లో పోట్లాడుకుందాం, అక్టోబర్ మొదటి మ్యాచ్‌కు మాత్రం మా ఇంటికి రండి.