అప్‌డేట్: పెల్విక్ ఫ్లోర్ సమస్యకు ఆస్టియోపతి గురించి అడిగాను, చివరికి తేలింది ఇదీ

కాన్పు తరువాత దగ్గినా తుమ్మినా మూత్రం జారుతోందని, కూర్చుంటే కటి లోపల నొప్పిగా ఉంటోందని చెప్పి, హైదరాబాదులో ఆస్టియోపతి వైద్యం (చేతులతో కండరాలను, కీళ్లను సవరించే చికిత్స) ఎక్కడ దొరుకుతుందని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ముందు యూరోగైనకాలజిస్టుకు (స్త్రీల మూత్ర, కటి సమస్యలు చూసే డాక్టరుకు) చూపించుకోమన్న సోదరి సలహాయే నాకు దారి చూపింది.

మూత్ర పరీక్షలో ఇన్‌ఫెక్షన్ లేదని తేలాక డాక్టరు గారు లోపలి పరీక్ష చేసి, నా పెల్విక్ ఫ్లోర్ కండరాలు (కటి అడుగున ఉండి మూత్రాశయానికి ఆసరా ఇచ్చేవి) వదులైపోలేదని, ఎప్పుడూ బిగుసుకుని ఉండి అలసిపోవడం వల్లే దగ్గు వచ్చిన క్షణంలో మూత్రాన్ని ఆపలేకపోతున్నాయని వివరించారు. అటువంటి కండరాలకు కీగెల్ వ్యాయామాలు (ఆ కండరాలను పదేపదే బిగించి వదిలేవి) నొప్పిని పెంచవచ్చు కనుక వాటిని ఆపించి, ఈ సమస్యలు చూసే ఫిజియోథెరపిస్టు వద్దకు పంపారు. పొట్ట నిండా ఊపిరి తీసుకుంటూ కండరాలను వదలడం, నా అనుమతితో చేతితో చేసిన సడలింపు, ఆ తరువాతే నెమ్మదిగా బలం పెంచే వ్యాయామాలు నాకు పనిచేశాయి. కాన్పయ్యాక ఇది మామూలేనని ఎవరు చెప్పినా, దయచేసి ఓర్చుకుని ఊరుకోకండి.

ఆస్టియోపతి కూడా చేయించుకున్నాను. నడుము పట్టేయడం తగ్గింది గాని, మూత్రం జారడంలో మార్పు రాలేదు. కొందరు సూచించిన పొట్ట బెల్టుకు నా సమస్యతో సంబంధమే లేదు. ఇప్పుడు మూత్రం జారడం ఆగిపోయింది. చాలాసేపు స్కూటీ నడిపిన రోజున మాత్రం కొద్దిగా నొప్పి ఉంటోంది.